ఒకే పబ్బు, రెండు రకాల భోజనం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండులో ఉంటున్న మనవాళ్ళవే. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వారాంతంలో కాట్స్‌వోల్డ్స్‌కో పీక్ డిస్ట్రిక్ట్‌కో తీసుకెళ్ళడం, తిరిగి తిరిగి ఆకలేసి దారిలో కనిపించిన పల్లెటూరి పబ్బులో భోజనానికి ఆగడం అక్కడ మామూలే. ప్రశ్నలన్నీ ఆ భోజనం గురించే. పబ్బుల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మే నెలలో ఒక మంగళవారం సాయంత్రం మేమిద్దరం మా దగ్గర్లోని పల్లెటూరి పబ్బుకి వెళ్ళాం. ఫిష్ అండ్ చిప్స్ (పిండిలో ముంచి వేయించిన చేప, లావుపాటి బంగాళదుంప వేపుడు ముక్కలు) ఎంతో బాగుంది. ఆ ధైర్యంతో ఆగస్టులో ఒక శనివారం రాత్రి తొమ్మిదిమందిమి వెళ్ళాం. గంటంపావు కూర్చున్నాక వచ్చిన చేప మెత్తబడిపోయింది, చిప్స్ నూనె కారుతున్నాయి, ఒకరి ప్లేటు చల్లగా ఉంది. ఇంటికొచ్చి రివ్యూలు చూస్తే సగంమంది అయిదు స్టార్లు ఇచ్చారు, సగంమంది ఒకటే. ఒకే వంటగదిలో ఇంత తేడా ఎలా వస్తుంది? – ఒక పాఠకురాలు, రీడింగ్

జవాబు: రెండు రోజులూ వండింది ఒకే మనిషి అయ్యుండొచ్చు, చేప కూడా ఒకే చోటునుంచి వచ్చి ఉండొచ్చు. మారింది వంటగది మీద పడ్డ భారం.

పల్లెటూరి పబ్బుల్లో చాలావాటిని భోజనం పెట్టడానికి కట్టలేదు. అవి బీరు అమ్మడానికి కట్టిన ఇళ్ళు. వెనకాల ఇంటివాళ్ళు వండుకునే గదే తర్వాత హోటల్ వంటగది అయింది. 1990ల నుంచి, ఇంకా ముఖ్యంగా ఇంగ్లండులో 2007 జూలై 1న పబ్బుల లోపల పొగ తాగడం నిషేధించిన తర్వాత, ఒక్క బీరుతో ఇల్లు గడవక చాలా పబ్బులు భోజనం వైపు మళ్ళాయి. ముందు గదుల్లో బల్లలు పెరిగాయి, తోటలో బెంచీలు వేశారు. వంటగది మాత్రం పెరగలేదు. మంగళవారం ఇరవైమందికి వండే ఇద్దరే ఎండ కాసిన శనివారం ఎనభైమందికి వండాలి.

ఇక చేప సంగతి. ఫ్రయ్యర్‌లో నూనె 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. పిండిలో ముంచిన చేప అందులో పడగానే పిండిలోని తడి ఆవిరై బయటికి తోసుకొస్తుంది. ఆ ఆవిరి జోరు ఉన్నంతసేపూ నూనె లోపలికి దిగదు. మిరపకాయ బజ్జీలు వేసేవాళ్ళకి ఇది చేతికి తెలిసిన విషయమే: బాణలి నిండా ఒక్కసారే వేస్తే నూనె చల్లారిపోయి బజ్జీ నూనె పీల్చేస్తుంది. పబ్బులోనూ అంతే. గడ్డకట్టిన చిప్స్ రెండు బుట్టలు ఒకేసారి దింపితే నూనె వేడి ఒక్కసారిగా పడిపోతుంది, మళ్ళీ ఎక్కడానికి కొన్ని నిమిషాలు కావాలి. వరసగా ఆర్డర్లు ఉన్న రాత్రి ఆ కొన్ని నిమిషాలే దొరకవు.

రెండో కారణం మీరు తొమ్మిదిమంది కావడం. ఒక బల్లకు వెళ్ళే ప్లేట్లన్నీ కలిసి వెళ్ళాలన్నది అక్కడి పద్ధతి. చేప ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది, బాగా కాల్చమన్న స్టేక్‌కు పావుగంట పైన పడుతుంది. ముందు దిగిన చేప వేడి దీపాల కింద ఎదురుచూస్తుంది. దీపం వేడిని నిలుపుతుంది గానీ కరకరను నిలపలేదు, ఎందుకంటే చేపలోంచి వచ్చే ఆవిరే పై పొరను లోపలివైపు నుంచి తడిపేస్తుంది. కోసి చూస్తే తెలిసిపోతుంది. సరాసరి ఫ్రయ్యర్ నుంచి వచ్చినదైతే కత్తి పెట్టగానే పెంకు విరిగిన చప్పుడవుతుంది, కోసిన చోట ఆవిరి లేస్తుంది, చేప తెల్లటి రేకులుగా విడిపోతుంది. ఆగి వచ్చినదైతే పైన బంగారు రంగు ఉంటుంది, చేపకు అంటుకున్న వైపు మాత్రం పిండి తెల్లగా ముద్దలా సాగుతుంది. మీకు వచ్చింది ఈ రెండోది.

ఆరుగురికి మించి వెళ్తుంటే ముందే ఫోన్ చేయండి, వీలైతే ఏమేం కావాలో ముందురోజే చెప్పేయండి. తొమ్మిదిమందికి తొమ్మిది రకాలు వద్దు, మూడు నాలుగు రకాల్లో సర్దుకోండి. వంటగది సాయంత్రం ఆరింటికి తెరిస్తే ఆరుకే కూర్చోండి. ఏడుకి వెళ్తే మీకంటే ముందు పది బల్లల చీటీలు వేలాడుతుంటాయి. ఆర్డర్ ఇచ్చే ముందు, “ఇప్పుడు భోజనానికి ఎంతసేపు పడుతుంది?” అని బార్ దగ్గర అడగండి. నలభై నిమిషాలు అన్నారంటే వేపుళ్ళూ స్టేకులూ మానేసి ‘పై’ (లోపల మాంసమో కూరో పెట్టి, పైన పిండి పొర కప్పి ఓవెన్‌లో కాల్చేది), స్టూ, లసాన్యా, నెమ్మదిగా ఉడికించిన మటన్ లాంటివి తీసుకోండి. అవి పొద్దుటే వండి ఉంటాయి, పది నిమిషాలు ఆగినా రుచి చెడదు. మే నెలలో అంత మంచి చేప పెట్టిన పబ్బును ఆగస్టు శనివారం చూసి వదులుకోకండి. మళ్ళీ ఒక మంగళవారం వెళ్ళండి.

ప్రశ్న: సండే రోస్ట్ (ఓవెన్‌లో కాల్చిన మాంసం, బంగాళదుంపలు, గ్రేవీతో పెట్టే ఆదివారం భోజనం) బాగుంటుందని విని ఆదివారం మూడున్నరకు వెళ్ళాం. మాంసం ఎండిపోయి ఉంది, యార్క్‌షైర్ పుడ్డింగ్ తోలులా సాగింది, లాంబ్ అయిపోయిందన్నారు. పక్క బల్లవాళ్ళు పన్నెండున్నరకు తిన్నారట, చాలా మెచ్చుకున్నారు. అంతకుముందు ఇంకో పబ్బులో బీఫ్ లోపల ఎర్రగా పచ్చిగా ఉందని మా మామగారు ముట్టలేదు. – ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: సండే రోస్ట్ అంటే ఆర్డర్ ఇచ్చాక వండేది కాదు, పెళ్ళి భోజనంలా ఒక సమయానికి సిద్ధం చేసేది. ఆ సమయం మధ్యాహ్నం పన్నెండు.

నాలుగైదు కిలోల మాంసపు ముక్కను పొద్దుటే ఓవెన్‌లో పెడతారు. తీశాక అరగంటైనా కదపకుండా ఉంచుతారు, లేకపోతే కోసినప్పుడు రసమంతా పలకమీదికి కారిపోతుంది. పన్నెండుకి కోయడం మొదలెట్టిన ఆ ముక్క మూడున్నర దాకా వెచ్చటి చోట ఉంటే ఏమవుతుందో ఊహించవచ్చు. రద్దీ ఉన్న చోట్ల ముందే ముక్కలు కోసి పెట్టుకుని, వేడి గ్రేవీ పోసి పంపిస్తారు. అంచులు వంకర తిరిగి, బూడిద రంగులో, దారాలు దారాలుగా వచ్చిన ముక్క అలాంటిదే.

యార్క్‌షైర్ పుడ్డింగ్ ఇంకా సున్నితం. పేరులో పుడ్డింగ్ ఉన్నా తీపి కాదు. గుడ్లు, పాలు, మైదా కొలతగిన్నెతో సమానంగా కలిపి, కాసేపు పక్కన పెట్టి, గుంతల పళ్ళెంలో కొవ్వు పొగలు వచ్చేంత వేడెక్కాక పోస్తారు (మన గుంతపొంగణాల పెనం కాస్త లోతుగా ఉంటే ఎలా ఉంటుందో అలాంటి పళ్ళెం). 220 డిగ్రీల ఓవెన్‌లో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు తలుపు తీయకూడదు. తీస్తే పొంగినదల్లా కూలిపోతుంది. బయటికొచ్చిన మొదటి పదిహేను నిమిషాలు అంచులు కరకరలాడతాయి, నడిమి మెత్తగా ఉంటుంది. తర్వాత గాలిలో తడి పీల్చుకుని మీకు వచ్చినట్టే తోలవుతుంది. మంచి వంటగది వాటిని రెండు మూడు విడతలుగా వేస్తుంది. మనుషులు తక్కువైన చోట పొద్దుట ఒక్కసారే వేసి, అడిగినప్పుడల్లా వెచ్చచేసి ఇస్తారు.

ప్లేటులో అసలు పరీక్ష మాత్రం బంగాళదుంప. పది నిమిషాలు ఉడికించి, నీళ్ళు వంచి, ఆవిరి పోనిచ్చి, గిన్నె మూతపెట్టి కుదిపితే అంచులు గరుకుగా చెదురుతాయి. ఆ గరుకే వేడి కొవ్వులో దాదాపు గంటసేపు కాలి పెంకులా మారుతుంది. ఫోర్కుతో తడితే టకటకమనాలి, లోపల వెన్నలా ఉండాలి. పైన నున్నగా, రంగు మాత్రమే ఉండి, మెత్తగా ఉంటే కుదిపే పని వదిలేశారన్నమాట, లేదా సంచిలోంచి తీసిన దుంప అన్నమాట.

కాబట్టి బల్ల పన్నెండుకో పన్నెండున్నరకో బుక్ చేసుకోండి. ఒంటిగంటన్నర దాటితే, “ఏ మాంసాలు మిగిలాయి, పుడ్డింగులు ఇంకో విడత వేస్తారా?” అని అడిగి కూర్చోండి.

మీ మామగారి విషయంలో వంటవాళ్ళ తప్పు లేదు. బీఫ్, లాంబ్ మధ్యలో గులాబీ రంగులో ఉండటం అక్కడ సరైన వంట కిందే లెక్క. అయితే ప్రతి ముక్కకూ రెండు చివరలు ఉంటాయి, అవి పూర్తిగా కాలి ఉంటాయి. “చివరి ముక్కలు, బాగా కాలినవి ఇవ్వండి” అని ఆర్డర్‌లోనే చెబితే ఇస్తారు, ఆలస్యంగా వెళ్తే అవి కూడా అయిపోతాయి. చికెన్ మాత్రం ఎముక దగ్గర పచ్చిగా, రసం ఎర్రగా ఉంటే మొహమాటపడకుండా తిప్పి పంపండి.

ప్రశ్న: మా అమ్మగారు శాకాహారి, గుడ్డు కూడా తినరు. మెనూలో వెజిటేరియన్ గుర్తు ఉన్నవే తెప్పించాం. చిప్స్ సగం తిన్నాక అవి గొడ్డు కొవ్వులో వేయించినవని తెలిసి ఆవిడ చాలా బాధపడ్డారు. అలెర్జీ పట్టిక అడిగి చూశాం, అందులో ఆ మాట లేదు. మోసం కాదా ఇది? – ఒక పాఠకురాలు, లీడ్స్

జవాబు: ఆవిడ బాధ అర్థమవుతుంది, అందుకే ఈ జవాబు కాస్త వివరంగా.

అలెర్జీ పట్టిక అందుకు పనికిరాదు. 2014 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం హోటళ్ళు 14 పదార్థాల గురించి చెప్పాలి: గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, గుడ్లు, పాలు, చేప, రొయ్యల జాతి, గవ్వల జాతి, వేరుశనగ, గింజపప్పులు, సోయా, నువ్వులు, ఆవాలు, సెలెరీ, లూపిన్, సల్ఫర్ డయాక్సైడ్. ఇందులో మాంసం లేదు, మాంసపు కొవ్వు లేదు. పట్టికంతా చదివినా గొడ్డు కొవ్వు కనిపించదు. అది నోటితో అడిగి తెలుసుకోవాల్సిందే.

ఎక్కడెక్కడ దాగి ఉంటుందంటే: బీఫ్ డ్రిప్పింగ్ అనే గొడ్డు కొవ్వులో చిప్స్ వేయించడం యార్క్‌షైర్ చుట్టుపక్కల, ఇంగ్లండు ఉత్తరాన ఎక్కువ, దాన్ని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. రోస్ట్ బంగాళదుంపలు బాతు కొవ్వులోనో గొడ్డు కొవ్వులోనో కాలుతాయి. మామూలు గ్రేవీ మాంసపు రసంతో చేసేదే. వోర్సెస్టర్ సాస్‌లో ఆంకోవీ చేప ఉంటుంది. చీజ్ పూసి కాల్చిన రొట్టె మీద చల్లేది అదే. పై మీది పిండిలో పంది కొవ్వు పడొచ్చు. క్రిస్మస్ పుడ్డింగ్‌లో, డంప్లింగ్స్‌లో వేసే సూయెట్ మామూలుగా గొడ్డు కొవ్వు. పన్నా కోటా అనే క్రీము తీపిలో, కొన్ని చీజ్‌కేకుల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. పార్మెజాన్ చీజ్ దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొట్టేది. చాలా పీపా బీర్లను తేటపరచడానికి చేప గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడతారు.

గుడ్డు విషయంలో ఇంకో తిరకాసు. ఇంగ్లండులో గుడ్డు, పాలు శాకాహారం కిందే లెక్క. మన ‘ప్యూర్ వెజ్’ అన్న మాట పల్లెటూరి పబ్బులో ఎవరికీ తెలియదు. గుడ్డు తినని పెద్దవాళ్ళకు దగ్గరి దారి వీగన్ గుర్తు చూడటం. వీగన్ వంటకంలో గుడ్డు లేదు, జెలటిన్ లేదు, రెన్నెట్ లేదు. పెరుగూ వెన్నా కూడా ఉండవు, అది వేరే సంగతి.

వీగన్ అని రాసి ఉన్నా ఫ్రయ్యర్ గురించి మాత్రం విడిగా అడగాలి. చిన్న వంటగదిలో ఒకే ఫ్రయ్యర్ ఉంటుంది, అందులోనే చేప, చికెన్, చిప్స్. “ఇది వెజిటేరియనేనా?” అని అడిగితే ఔనంటారు, వాళ్ళ లెక్కలో అది నిజమే. ఇలా అడగండి: “చిప్స్ ఏ నూనెలో వేయిస్తారు? అదే నూనెలో చేప గానీ మాంసం గానీ వేయిస్తారా?” ఈ ప్రశ్న బల్ల బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో అడగడం మేలు. అప్పుడు వంటగదిలో తీరిక ఉంటుంది, సరైన జవాబు వస్తుంది. వేరే ఫ్రయ్యర్ లేదన్నారంటే ఓవెన్‌లో కాల్చిన జాకెట్ పొటాటో వెన్నతో, బేక్డ్ బీన్స్‌తో తెప్పించండి. మన వాళ్ళ కడుపు నింపుతుందన్న మాట నిజం.

మోసమా అంటే, మీరు అడిగితే తప్పు చెప్పి ఉంటే మోసమే. అడగకపోతే వాళ్ళు తమ పద్ధతిలో తాము వండారు.

ప్రశ్న: బీఫ్ తినని నాన్నగారికి, పోర్క్ తినని అత్తగారికి మెనూలో పేర్లు చూసి ఎలా తెలుసుకోవాలి? చాలా పేర్లలో మాంసం మాటే ఉండదు. – ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: కాటేజ్ పై అంటే బీఫ్ ఖీమా, షెపర్డ్స్ పై అంటే లాంబ్ ఖీమా. పైన పరిచేది రెండిటికీ మెదిపిన బంగాళదుంపే కాబట్టి చూసి గుర్తుపట్టలేరు. స్టేక్ అండ్ ఏల్ పై, స్టేక్ అండ్ కిడ్నీ పుడ్డింగ్ బీఫ్. లాంకషైర్ హాట్‌పాట్ లాంబ్. సాసేజ్ అని ఊరికే రాస్తే పోర్క్ అనుకోవాలి, కంబర్లాండ్ సాసేజ్ కూడా అంతే. గామన్, హామ్ హాక్, బేకన్, పోర్క్ స్క్రాచింగ్స్ అన్నీ పంది మాంసమే. స్కాచ్ ఎగ్‌లో గుడ్డు చుట్టూ ఉన్నది పోర్క్ ఖీమా. బ్లాక్ పుడ్డింగ్ మామూలుగా పంది రక్తంతో చేసేది. స్కాంపీ మాత్రం రొయ్య జాతి, గొడ్డు కొవ్వులో వేయించలేదని తెలిస్తే నిశ్చింతగా తినొచ్చు. ప్లౌమన్స్ లంచ్ అంటే రొట్టె, చెడ్డర్ లేదా స్టిల్టన్ చీజ్, ఊరగాయ ఉల్లిపాయ, తియ్యటి పచ్చడి. కొన్నిచోట్ల హామ్ ముక్క కూడా పెడతారు, వద్దంటే తీసేస్తారు. చికెన్ రోస్ట్ అడిగినా పక్కన వచ్చే గ్రేవీ బీఫ్‌ది కావొచ్చు, బంగాళదుంపలు గొడ్డు కొవ్వువి కావొచ్చు. ఈ రెండూ తప్పక అడగండి.

ప్రశ్న: రివ్యూలు చదివితే అయోమయంగా ఉంది. ఇంత దూరం కారులో వెళ్ళే ముందు మంచి వంట దొరికే పబ్బును ఎలా పసిగట్టాలి? – ఒక పాఠకురాలు, మిల్టన్ కీన్స్

జవాబు: ముందు తేదీలు చూడండి, స్టార్లు తర్వాత. పల్లెటూరి పబ్బుల్లో చాలావాటికి భవనం ఒకరిది, నడిపేది ఇంకొకరు. పెద్ద పబ్బు కంపెనీ దగ్గర అద్దెకు తీసుకుని, బీరు కూడా ఆ కంపెనీ చెప్పిన చోటే కొనే ఒప్పందం మీద నడుపుతుంటారు. మిగిలేది తక్కువ కాబట్టి నడిపేవాళ్ళు తరచూ మారతారు, వాళ్ళతోపాటు వంటవాళ్ళూ మారతారు. ‘కొత్త యాజమాన్యం’ అన్న మాట ఎక్కడ కనిపిస్తే అంతకుముందు రివ్యూలన్నీ పక్కన పెట్టేయవచ్చు, మంచివైనా సరే. బోర్డు మీద ఫ్రీ హౌస్ అని ఉంటే బీరు విషయంలో ఆ కట్టుబాటు లేదని అర్థం. వంట బాగుంటుందని అది హామీ ఇవ్వదు.

తర్వాత ఏ రోజు తిన్నారో చూడండి. తిట్లన్నీ శనివారం రాత్రివీ పండగ సెలవులవీ అయి, పొగడ్తలు మామూలు రోజులవైతే వంట మంచిదే, మనుషులే చాలట్లేదు. తిట్లు మంగళవారానివి కూడా అయితే అది వంట లోపం. “బాగాలేదు” అన్నవి వదిలేసి “పై లోపల చల్లగా ఉంది” లాంటివి చదవండి. పై లోపల చల్లగా, అంచులు కాలిపోయేంత వేడిగా ఉందంటే మైక్రోవేవ్‌లో తొందరపడ్డారని అర్థం. ఇలాంటి మాట రెండు మూడుసార్లు కనిపిస్తే అదే నిజం. విమర్శకు ల్యాండ్‌లార్డ్ (పబ్బు నడిపేవారిని అక్కడ అలాగే పిలుస్తారు) ఏం జవాబిచ్చారో కూడా చూడండి. ఏం జరిగిందో చెప్పినవాళ్ళు సరిదిద్దుకుంటారు, కస్టమర్‌ను తిట్టినవాళ్ళు రేపు మిమ్మల్నీ తిడతారు.

మెనూ మీకు ఇంకా ఎక్కువ చెబుతుంది. ఇద్దరు వంటవాళ్ళున్న చోట యాభై వంటకాలు ఉన్నాయంటే ఫ్రీజర్ నుంచి రావాల్సిందే. ఏడెనిమిది ప్రధాన వంటకాలు, కాలాన్ని బట్టి మారే మెనూ, గోడ మీద సుద్దముక్కతో రాసిన ఆ రోజు వంటకం ఉంటే నమ్మొచ్చు. మెనూలో ప్రతి వంటకం పక్కనా కేలరీలు ఉన్నాయా? 2022 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో 250 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకే అది తప్పనిసరి. కాబట్టి ఎంత పాత రాతి గోడలున్నా అది పెద్ద గొలుసు సంస్థ పబ్బు అయ్యే అవకాశమే ఎక్కువ. గొలుసు పబ్బు తక్కువేం కాదు, ప్రతిసారీ ఒకే రుచి కావాలనుకునేవాళ్ళకు అదే నయం.

తలుపు మీద ఉండే 0 నుంచి 5 దాకా పరిశుభ్రత అంకె రుచికి సంబంధించినది కాదు. ఆహారాన్ని ఎలా పట్టుకుంటున్నారు, వంటగది శుభ్రంగా ఉందా, రికార్డులు రాస్తున్నారా అన్నదానికే ఆ మార్కు. వేల్స్‌లో దాన్ని అతికించడం తప్పనిసరి, ఇంగ్లండులో కాదు. తలుపు మీద కనిపించకపోతే ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ వెబ్‌సైటులో పబ్బు పేరు కొట్టి చూడొచ్చు. 3 కంటే తక్కువ ఉంటే వేరే చోటికి వెళ్ళండి.

ప్రశ్న: భోజనం బాగాలేదు, ఏమీ అనలేక మొత్తం తిని, బిల్లు కట్టేటప్పుడు చెబితే “ముందే చెప్పాల్సింది” అన్నారు. పైగా బిల్లులో 12.5 శాతం సర్వీస్ చార్జి. అది కట్టాలా? – ఒక పాఠకుడు, స్విండన్

జవాబు: వాళ్ళన్నది నిజమే. ప్లేటు ఖాళీ అయ్యాక ఫిర్యాదుకు ఆధారం ఉండదు. రెండు ముద్దల్లో తెలిసిపోతుంది, అప్పుడే ఫోర్కు కింద పెట్టి సిబ్బందిని పిలవండి. ప్లేటు తెచ్చిన కాసేపటికి “అంతా బాగుందా?” అని వాళ్ళే వచ్చి అడుగుతారు. మొహమాటం కొద్దీ మనవాళ్ళు ఆ ప్రశ్నకు తలూపేస్తారు. అది పలకరింపు కాదు, లోపం చెప్పడానికి ఇచ్చే అవకాశం. తప్పేమిటో, ఏం కావాలో రెండూ చెప్పండి: “పై లోపల చల్లగా ఉంది, మార్చి ఇస్తారా?” లేదా “మిగతావాళ్ళు తినేశారు, దీన్ని బిల్లులోంచి తీసేస్తారా?” ‘బాగాలేదు’ అని ఊరుకుంటే వాళ్ళకు చేయడానికేమీ ఉండదు. ఎర్రగా ఉన్న స్టేక్‌ను ఇంకాస్త కాల్చగలరు, ఎండిపోయినదాన్ని మాత్రం కొత్తగా వండాల్సిందే, అందుకు మళ్ళీ పావుగంట పడుతుంది. అది తెలిసి అడగండి.

2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం భోజనం మెనూలో చెప్పినట్టు ఉండాలి, తగినంత నాణ్యతతో ఉండాలి, సేవలో తగిన శ్రద్ధ ఉండాలి. మెనూలో కాడ్ అని రాసి ఇంకో చేప పెడితే అది రుచి గొడవ కాదు, చట్టం గొడవ. నచ్చకపోవడం మాత్రం చట్టంలోకి రాదు. ఉప్పు తక్కువైందనో కారం లేదనో డబ్బులు వెనక్కి అడగలేరు.

సర్వీస్ చార్జి బిల్లు మీద ‘ఐచ్ఛికం’ అని ఉంటే తీసేయమని అడగొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. అయితే 2024 అక్టోబరు 1 నుంచి బ్రిటన్‌లో టిప్పులూ సర్వీస్ చార్జీ యజమాని కోతపెట్టకుండా సిబ్బందికే పంచాలన్న చట్టం అమల్లో ఉంది. వంటగదిలో ఆలస్యమైతే మీ బల్ల దగ్గర పదిసార్లు వచ్చి క్షమాపణ చెప్పిన అమ్మాయి డబ్బు ఎందుకు తీసేయాలి? చెడిపోయిన వంటకాన్ని బిల్లులోంచి తీయించండి, ఆ పిల్ల బాగా చూసుకుంటే చార్జి ఉంచండి. బార్ దగ్గర మీరే ఆర్డర్ ఇచ్చి, మీరే గ్లాసులు తెచ్చుకునే పబ్బుల్లో టిప్పు ఎవరూ ఆశించరు. మెనూలో ధరలకు వ్యాట్ కలిసే ఉంటుంది, మన దగ్గర జీఎస్టీలా చివర్లో కలపరు.

ప్రశ్న: మధ్యాహ్నం రెండూ నలభై అయిదుకి వెళ్తే పబ్బు తెరిచే ఉంది, లోపల జనం ఉన్నారు, భోజనం మాత్రం లేదన్నారు. మమ్మల్ని చూసి అలా అన్నారేమో అనిపించింది. – ఒక విద్యార్థి, న్యూకాజిల్

జవాబు: అలా అనిపించడం సహజం, కానీ అక్కడ బార్ వేళలు వేరు, వంటగది వేళలు వేరు. పల్లెటూళ్ళలో వంటగది మామూలుగా పన్నెండు నుంచి రెండు, రెండున్నర దాకా, మళ్ళీ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా. ఆదివారం మధ్యాహ్నంతో సరి, సోమవారం చాలాచోట్ల వంటే ఉండదు. పబ్బు వెబ్‌సైటులో బార్ వేళల కింద చిన్న అక్షరాల్లో భోజన వేళలు ఉంటాయి, అవి చూసి బయల్దేరండి.

లోపలికి వెళ్ళాక బల్ల మీది నంబరు చూసుకుని బార్ దగ్గర ఆర్డర్ ఇవ్వాలి, ఎవరో వస్తారని కూర్చుంటే ఎవరూ రారు. కొన్నిచోట్ల మాత్రం బల్ల దగ్గరికే వస్తారు, కాబట్టి వెళ్ళగానే అడగండి. బార్ దగ్గర వరస కనిపించదు గానీ ఉంటుంది, మీకంటే ముందు ఎవరొచ్చారో గుర్తుపెట్టుకుంటారు. చెయ్యి ఊపకండి. కుళాయి నీళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. కుక్కలంటే భయపడే పెద్దవాళ్ళుంటే కుక్కలు రాని గదిలో బల్ల అడగండి, చాలా పబ్బుల్లో అలాంటి గది ఉంటుంది. కారు నడిపేవాళ్ళు నిమ్మరసం సోడాతో సరిపెట్టుకోవాలి. పల్లెటూళ్ళలో రాత్రిపూట బస్సులుండవు, టాక్సీ ముందే చెప్పి పెట్టుకోకపోతే దొరకదు.

ప్రశ్న: ఎంత మంచి పబ్బుకి తీసుకెళ్ళినా మా నాన్నగారికి చప్పగా ఉంటుంది. మెనూలో కర్రీ ఉంటే తెప్పించొచ్చా? ఆవకాయ సీసా తీసుకెళ్ళొచ్చా? – ఒక పాఠకురాలు, డార్బీ

జవాబు: పబ్బు కర్రీ సాధారణంగా క్రీము, టమాటా, తీపి కలిసినది, ఆయనకు ఇంకా చప్పగా అనిపిస్తుంది. బయటి తిండి తెచ్చుకోవడం చాలాచోట్ల ఒప్పుకోరు, కాబట్టి ఆవకాయ తీయాలంటే ముందు అడగండి. దానికంటే బల్ల మీద దొరికేవాటితో ఘాటు తెప్పించుకోవచ్చు. ఇంగ్లీష్ మస్టర్డ్ మన ఆవపిండి ఘాటే, నేరుగా ముక్కుకు ఎక్కుతుంది. సాసేజ్‌తో, గామన్‌తో, చీజ్‌తో అర చెంచా చాలు. హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరుతో చేసే సాస్ బీఫ్‌కు తోడు ఇస్తారు గానీ కాల్చిన బంగాళదుంపకూ బాగుంటుంది, ఆయన బీఫ్ తినకపోయినా అడిగి తెప్పించండి. మింట్ సాస్‌ను చూసి పుదీనా పచ్చడి అనుకుని ఎక్కువ వేసుకోనివ్వకండి, అందులో పుదీనాతోపాటు ఉండేది వెనిగరూ పంచదారా. వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయలు, మాల్ట్ వెనిగర్, నల్ల మిరియాల పొడి ఎప్పుడూ ఉంటాయి. చిప్స్ మీద ఉప్పు, మిరియాలు, వెనిగర్ ముందే కలిపి, పక్కన కాస్త ఆవముద్ద పెట్టి చూడండి.